దీమం పావురాలు

1994 నవంబరు 4, శుక్రవారం

గాలి ఉత్తరం నుంచి. పావురాలు దిగలేదు.

మా యజమాని చిన్న బాబా తెల్లవారకముందే దోహా నుంచి తోటకు వచ్చి ఖర్జూరం మట్టల గుడిసెలో తుపాకీ పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన నిన్న సాయంత్రమే ప్లాస్టిక్ పావురాలను బార్లీ కోసిన మడిలో పెట్టాడు. వంకాయ నారు నాటినట్టు వరసలు తీసి, అన్నీ గుడిసె వైపే చూసేటట్టు పెట్టాడు. పైన తిరిగే గుంపు దిగబోయి, ఏదో కనబడినట్టు ఒక్కసారిగా పక్కకు తిరిగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

చిన్న బాబా కోప్పడలేదు. అతను ఎప్పుడూ కోప్పడడు. టీ గ్లాసు కింద పెట్టి, "నాగూర్, పోయినేడు బాగా దిగినాయి గదా, ఈసారి ఏమైంది?" అని మా ఆయనను హిందీలో అడిగాడట.

పోయినేడు పెట్టింది వాళ్ళతో తోటకు వచ్చిన పనిమనిషి రమీజా అని ఆయన చెప్పలేదు. దోహాలో వాళ్ళ పెద్దింట్లోంచి పారిపోయిన మనిషి పేరు ఈ తోటలో ఎవరూ ఎత్తరు. ఆమెతోపాటు పెట్టింది నేను. ఆ మాటా చెప్పలేదు.

నవంబరు 6

మా ఆయన నన్ను మడి దగ్గరికి పిలిచాడు. "పోయినేడు మీరిద్దరూ ఎట్ల పెట్టినారు మే? చూపీ."

నలుగురిలో నాకు మాట రాదు. మడిలో ఆయన ఒక్కడే కాబట్టి చూపించాను.

ముందు మెరుపు తియ్యాలి. ప్లాస్టిక్ పావురం ఎండకు తళతళమంటుంది, అది చూసి బెదురుతాయి. కాలవ బురదలో పొయ్యి బూడిద కలిపి ఒక్కోదానికీ పట్టించాను. తరువాత గాలి చూడాలి. గింజలు తినే పావురం గాలికి ఎదురుగా నిలబడుతుంది, లేకపోతే వెనక నుంచి ఈకలు లేస్తాయి. అన్నీ గాలికి ఎదురుగా ఉండాలి, కానీ సిపాయిల్లాగా కాదు. ఒకటి కాస్త కుడికి, ఒకటి కాస్త ఎడమకి. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ రెండు అంగలు. దగ్గర దగ్గరగా పెడితే భయంతో ఎగరబోతున్నట్టు ఉంటుంది. గుడిసె గాలికి వీపు పెట్టి ఉండాలి. అన్నిటికంటే పెద్ద సంగతి, నట్టనడుమ చోటు వదలాలి. గుడిసెకు సరిగ్గా ఎదురుగా, తుపాకీకి అందేంత దూరంలో.

ఆ చోటు సంగతి కనిపెట్టింది రమీజక్క. "మనం ఎవురింటికన్నా పోతే ఏం జూస్తాం మే? మనోళ్ళు కూచోని తింటాండారా, మనకు కూచునేదానికి చోటుండాదా. అంతే గదా. పావురానికీ అంతే," అనేది.

చచ్చినవాటిని పెట్టడం మాత్రం నాకు చేతకాదు. అది ఆమె పని. పడినదాన్ని వెంటనే తెచ్చి, గడ్డం కింద పంగల పుల్ల గుచ్చి తల నిలబెట్టి, రెక్కలు సర్ది, బతికినదానిలాగా కూర్చోబెట్టేది. ఊడిన ఈకలు ఒక్కటి వదలకుండా ఏరేది. "ఒక్కటి ఎల్లకిలా పడుండల్ల మే, కాళ్ళు పైకి పెట్టుకోని. అంతే. ఇంగ ఆ మడి మింద ఒక్కటి దిగదు."

ఆయన అన్నీ విన్నాడు. "అయితే రమీజా లేకపోయినా నువ్వు పెడతావు," అన్నాడు. సంతోషపడ్డాడో ఏమో తెలియలేదు.

నవంబరు 11, శుక్రవారం

దిగాయి.

చిన్న బాబా "తమామ్, తమామ్" అని మెచ్చుకుంటూ నవ్వాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఒకదానికి రెక్కే విరిగింది. దాన్ని గోంగూర మడి పక్కన గంప కింద దాచాను. ఆయన చూశాడు. చంపమంటాడనుకున్నాను. "దీమం చేద్దాం," అన్నాడు. మా ఊరి గుట్టల్లో కౌజుపిట్టను పెంచి దీమంగా కట్టేస్తారు. అది అరిస్తే అడవిలో పిట్టలు వస్తాయి. వచ్చినవి వలలో పడతాయి. దీమానికి మాత్రం గింజలు వేస్తారు.

నవంబరు 14

దీమం నా చేతిలో గింజలు తింటోంది.

నవంబరు 18, శుక్రవారం

రమీజక్క వచ్చింది!

పెద్దింటివాళ్ళందరూ పెళ్ళికి పోయారు. తోట కూరగాయలు మార్కెట్‌కు వేసుకుపోయే పికప్‌లో, డ్రైవరు నర్సింలు అన్న పక్కన, నల్ల అబాయా కప్పుకుని కూర్చుని వచ్చింది. ముందు నేను గుర్తుపట్టలేదు. దిగీదిగగానే, "ఏం మే మాబున్నీ, ఇంత చిక్కిపోయినావు? నాగూరు నీకు కూడా బూడిద పూసినాడా ఏంది?" అంది. నవ్వి నవ్వి నా కడుపు నొచ్చింది. ఈ మధ్య ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

దోహాలో ఉమ్ ఘువైలినా పేటలో ఒక గదిలో మన ఆడవాళ్ళతో ఉంటోంది. పొద్దున పోయి అల్ ముంతజాలో రెండు ఫ్లాట్లు ఊడ్చి తుడిచి వస్తుంది. పాస్‌పోర్టు పెద్దింట్లోనే ఉండిపోయింది కాబట్టి పోలీసు కనబడితే సందులోకి తిరగాలి. సుధాకరరావు అని ఒక పెద్దాయన ఎంబసీకి తిరిగి, పాస్‌పోర్టు లేకుండా ఊరికి పోయే ఔట్‌పాస్ కాగితం ఇప్పిస్తానన్నాడట. "ఇంగొక్క నెల మే. రాయచోటి బస్టాండులో దిగి, మొదట రాగిసంగటి తినల్ల. ఆనక ఇంటికి పోతా."

"ఇంటికి బోయి తినరాదక్కా?" అన్నాడు నర్సింలు అన్న.

"ఇంటికి పోతే వండాల్సింది నేనే గదా, నాయనా!"

ఆమె పారిపోవడం గురించి పెద్దింట్లో నానారకాలుగా చెప్పుకుంటారు. ఈరోజు నేనే అడిగాను. కాంట్రాక్టు అయిపోయి ఏడాది దాటినా పంపలేదట. చిన్న బాబా తల్లి మంచం మీద ఉంది. ఇంకెవరు పెట్టినా అన్నం తినదు. రమీజక్క చేత్తో పెట్టాలి. రాత్రీ పగలూ ఆమె పక్కనే. అడిగినప్పుడల్లా, "నువ్వు పోతే మా అమ్మ చచ్చిపోతుంది" అనేవాడట చిన్న బాబా. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అనేవాడట. ఆపైన బయటి తలుపుకు తాళం వేయడం మొదలుపెట్టారు.

"ముసలామె మంచిదే మే. నా చెయ్యి పట్టుకోని నిద్రపోయేది. ఆ చెయ్యి ఇడిపించుకోని వచ్చినా," అంది. తన చేతిని ఒకసారి చూసుకుంది.

మా ఆయన బయట నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో.

పోయేటప్పుడు రమీజక్క మడి దగ్గర ఆగి ప్లాస్టిక్ పావురాలను చూసింది. ఒకదాన్ని గాలికి సరిగా తిప్పి, "బాగనే పెట్టినావు మే," అంది.

నవంబరు 25, శుక్రవారం

చిన్న బాబా ఈరోజు కాల్చలేదు. గుడిసెలో ఊరికే కూర్చున్నాడు. తల్లి రెండు రోజులుగా ఏమీ తినలేదట.

నవంబరు 26

మా ఆయన నాతో చెప్పిన మాటలు రాస్తాను.

"మూడేండ్లయినాది మనం వచ్చి. చాందిని నిన్న ఫోన్లో నన్ను, కన్న నాయనను, ఎవురు అని అడిగినాది. చిన్న బాబా సంతకం పెడితే ఇద్దరికీ లీవు. ఇద్దరికీ ఒక్కసారే, మే."

"పెడతాడా?" అన్నాను.

"రమీజా యాడుండాదో తెలుసునా అని అడిగినాడు."

"నువ్వేం చెప్పావు?"

"తెలీదని చెప్పినా."

ఆయన అబద్ధం చెప్పేటప్పుడు మెడ గోక్కుంటాడు. చలికాలం, దోమలు లేవు.

నవంబరు 29

తోటలో ఎవరో మాట్లాడుకుంటే రమీజక్క వచ్చిపోయిన సంగతి చిన్న బాబా చెవిన పడి ఉండవచ్చు. ఆయన చెప్పి ఉండడు.

డిసెంబరు 2, శుక్రవారం

చిన్న బాబా రాగిపిండి సంచి తెచ్చాడు. దోహాలో మనవాళ్ళ కొట్టులో దొరికిందట. ఖతర్ మనిషికి రాగిపిండి ఎందుకు?

మా ఆయన దాన్ని నా ముందు పెట్టి, "రమీజా అడిగినాది గదా. వచ్చే శుక్రవారం కాకుండా ఆపై శుక్రవారం రమ్మని నర్సింలుతో చెప్పంపు. నువ్వు పిలిస్తేనే వస్తాది," అన్నాడు.

నేను సంచి మూతి విప్పి చూశాను.

"ఏమీ చెయ్యరు మే. ముసలామె ముందర కూచోబెట్టి రెండు ముద్దలు పెట్టిస్తారు. ఆనక వాళ్ళే విమానం ఎక్కిస్తారంట. ఔట్‌పాస్ కోసం ఎంబసీ చుట్టూ తిరిగేదానికంటే అదే నయం గదా ఆయమ్మకు?"

నిజమే కావచ్చు. చిన్న బాబా మాట మీద నిలబడే మనిషిలాగానే ఉంటాడు. వాళ్ళే విమానం ఎక్కిస్తారు.

డిసెంబరు 5

వాళ్ళే విమానం ఎక్కిస్తారు. ఏడాది నుంచీ ఎక్కించని వాళ్ళు.

డిసెంబరు 9, శుక్రవారం

నర్సింలు అన్న కూరగాయల గంపలు ఎక్కించుకుని, నీళ్ళు తాగడానికి వంటింటి వాకిలి దగ్గరికి వచ్చాడు. మా ఆయన వాకిలి పక్కనే పైపు బాగుచేస్తూ కూర్చున్నాడు. పైపుకు ఏమీ కాలేదు.

"రమీజక్కకు ఏమన్న జెప్పాల్నా చెల్లె? ఇయ్యాల ఆ దిక్కే పోతున్న," అన్నాడు.

'ఆమెను రావద్దని చెప్పన్నా.' ఆ ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ఆయన స్పానర్ తిప్పడం ఆపాడు.

"వచ్చే శుక్రవారం రాగిసంగటి చేస్తానని చెప్పన్నా," అన్నాను.

"ఆ శుక్రవారం చిన్న బాబా రాడులే," అన్నాడు ఆయన పైపు వైపే చూస్తూ.

"మస్తు ఖుషీ అయితది," అన్నాడు నర్సింలు అన్న. "నాకు గూడ ఓ ముద్ద వెట్టు మరి. మా దిక్కు జొన్నరొట్టె అయినా, ఆకలైతే అన్నీ ఒక్కటే."

ఒక మనిషిని భోజనానికి పిలవడం తప్పు కాదు. నేను పిలిచింది భోజనానికే.

డిసెంబరు 12

దీమానికి రెక్క అతుక్కుంటోంది. కాలికి కట్టిన దారాన్ని ఆయన లాగితే రెక్కలు టపటపా కొట్టుకుంటుంది. అది చూసి పైన పోయే గుంపు తిరిగి వస్తుంది. రెక్కలు ఆడితే ఇక్కడ తిండి ఉంది, భయం లేదు అని వాటికి అర్థమట. పాపం, అది కొట్టుకునేది నొప్పికి.

డిసెంబరు 15, గురువారం

రేపటికి అన్నీ ఎలా ఉండాలో ఆయన చెప్పాడు. బట్టలు దండెం మీద ఆరేసి ఉండాలి. పొయ్యిలోంచి పొగ రావాలి. మడిలో పావురాలు ఎప్పటిలాగే ఉండాలి. చిన్న బాబా కారు గడ్డి షెడ్డు వెనక ఉంటుంది. నేను వాకిట్లో కనబడాలి.

"ఏదీ మార్చొద్దు మే. ఆయమ్మ కంట్లో ఏదైనా కొత్తగా పడిందంటే దిగదు."

పావురాల గురించి నేను చెప్పిన పాఠమే నాకు చెబుతున్నాడు.

నడిచి పోవడానికి రోడ్డు చాలా దూరం. తోటలో ఫోను కావలి గదిలో ఉంది, ఆ తాళం ఆయన జేబులో ఉంది. ఉన్నా ఏ నంబరుకు చెయ్యను?

పొద్దుగూకింది. గంప ఖాళీ.

డిసెంబరు 16, శుక్రవారం

వచ్చింది.

డిసెంబరు 17

గాలి లేదు.

డిసెంబరు 18

వంట చేశాను. గిన్నెలు తోమాను.

డిసెంబరు 20

రాస్తే తగ్గుతుందేమో.

పికప్ మట్టిరోడ్డు దిగి తోటకు వచ్చేటప్పుడు ముందు బార్లీ మడి కనబడుతుంది, తరువాతే గేటు. గేటు దాటక ముందు బండి తిప్పుకోవడానికి చోటు ఉంది. దాని గురించే ఆలోచిస్తూ గురువారమంతా గడిపాను. మడిలో ఒక్కటి వెల్లకిలా పడి ఉంటే చాలు. రమీజక్కకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. చూడగానే తెలుస్తుంది.

ప్లాస్టిక్‌దాన్ని తిరగేస్తే కింద బోలుగా, మేకు కనబడుతుంది. గాలికి పడిందనుకుంటుంది. నిజమైనదే కావాలి. దీమాన్ని కాళ్ళు కట్టి పడుకోబెట్టవచ్చు, కానీ తన్నుకుంటుంది. తన్నుకుంటే రెక్కలు ఆడతాయి. రెక్కలు ఆడితే రమ్మని పిలిచినట్టే.

గంప ఎత్తగానే గింజలకోసం నా చేతి మీదికి వచ్చింది. మెడ వేడిగా ఉంది. అంతకన్నా రాయలేను. చచ్చినవాటిని ముట్టుకోవడం చేతకాదని రమీజక్క నన్ను ఎప్పుడూ ఎగతాళి చేసేది.

శుక్రవారం తెల్లవారుజామున పావురాలు సర్దే నెపంతో మడికి పోయి, దాన్ని నడుమ వదిలిన చోట్లో పెట్టాను. వెల్లకిలా, కాళ్ళు పైకి. చుట్టూ ఈకలు చల్లాను. ఆయన గడ్డి షెడ్డు దగ్గర చిన్న బాబాకు టీ ఇస్తున్నాడు, చూడలేదు.

తరువాత వాకిట్లో పొయ్యి మీద ఎసరు పెట్టాను. దండెం మీద బట్టలు వేశాను. సంగటి గెలుకుతూ నిలబడ్డాను. లోపల ఎంత ధైర్యంగా ఉందో! అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. మట్టిరోడ్డు మీద దుమ్ము లేచింది. బండి మడి దగ్గర ఆగింది. నాకు కనబడుతోంది. ఆగింది. ఇంక తిరుగుతుంది అనుకున్నాను. పో అక్కా, పో, అనుకున్నాను.

తిరగలేదు. ముందుకంటే వేగంగా వచ్చింది.

బండి పూర్తిగా ఆగక ముందే రమీజక్క దూకింది. అబాయా కాలికి చుట్టుకుని పడబోయింది. "మాబూ! మాబున్నీ!" అని అరుస్తూ పరుగెత్తుకుంటూ వచ్చి నా ముఖం రెండు చేతులతో పట్టుకుంది. నా చేతులు తిప్పి చూసింది, మెడ చూసింది, వీపు తడిమింది.

"ఏమయినాదే నీకు? ఎవురన్నా కొట్టినారా? నాగూరు ఏడీ?"

సంగటి తెడ్డు చేతిలోనే ఉంది.

నర్సింలు అన్న బండి దగ్గర నుంచే, "మడికాడ ఆ సచ్చిన పావురాన్ని జూసి అక్క ఆగమాగమైంది చెల్లె. ఎనుకకు మలుపుతా అంటే ఇనలే. మాబుకేమో అయింది, జల్ది తోలు అని నా పానం దీసింది," అన్నాడు.

అప్పుడు చిన్న బాబా షెడ్డు వెనక నుంచి వచ్చాడు. ఎప్పటిలాగే సలాం చెప్పాడు. అమ్మ నిన్ను పిలుస్తోంది అన్నాడు. మా ఆయన పికప్‌కు అడ్డంగా పోయి నిలబడ్డాడు, మెడ గోక్కుంటూ.

రమీజక్క వాళ్ళ వైపు చూడలేదు. నన్నే చూసింది.

"ఆ ఎల్లకిలా పెట్టింది నువ్వేనా?"

తల ఊపాను.

"నన్ను పొమ్మనా?"

తల ఊపాను.

నా తల మీద చెయ్యి వేసింది. "పిచ్చిదానా," అంది. "నేనేమన్నా పావురాన్నా మే, ఎనిక్కి తిరుక్కోని పోయేదానికి?"

తరువాత గొంతు మార్చి, "సంగటి అడుగంటుతాండాది, చూసుకో," అని, తనే నడిచిపోయి కారు వెనక సీట్లో కూర్చుంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ కొట్టలేదు. చిన్న బాబా ఆమెకు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

డిసెంబరు 24

ముసలామె రెండు పూటలా తింటోందట. చిన్న బాబా ఆయనతో చెప్పాడు. విమానం మాట ఎవరూ ఎత్తలేదు. మా లీవు రంజాన్ తరువాత చూద్దామన్నాడట.

"చూద్దామన్నాడు గదా. లేదనలేదు గదా, మే," అన్నాడు ఆయన.

నర్సింలు అన్న ఇప్పుడు నీళ్ళకు రావడం లేదు. గంపలు ఎక్కించుకుని, వాకిలి వైపు చూడకుండా పోతున్నాడు.

డిసెంబరు 27

ఫోన్లో చాందిని "మా అమ్మ దుబాయ్‌లో ఉంది" అంది. నాతోనే.

డిసెంబరు 30, శుక్రవారం

గాలి ఉత్తరం నుంచి.

చిన్న బాబా స్నేహితులను తీసుకొచ్చాడు. దీమం ఏదని అడిగాడు. పిల్లి తినిందని ఆయన చెప్పాడు. మడిలో ఆయనకు ఏం దొరికిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నన్నే పెట్టమన్నారు. పెట్టాను. బూడిద మళ్ళీ పట్టించాను. అన్నీ గాలికి ఎదురుగా, ఒకటి కాస్త కుడికి, ఒకటి కాస్త ఎడమకి. పాత ఈకలు మిగిలి ఉంటే ఒక్కొక్కటీ ఏరాను. నడుమ చోటు వదిలాను.

పని అయ్యాక గట్టు మీద నిలబడ్డాను. సముద్రం వైపు నుంచి గుంపు వచ్చి మడి మీద ఒక చుట్టు తిరిగింది. చెయ్యెత్తి ఒక్కసారి ఊపితే చాలు, పోతాయి. పోండి, పోండి, అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

చెయ్యి లేవలేదు. గుంపు ఇంకో చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా రెక్కలు చాచి, నేను వదిలిన చోట్లోకి దిగింది.